పది తర్వాత ఏ గ్రూపు?



ప్రతి ఏడాది పదవ తరగతి పరీక్షలు అయిపోంగనే మన హాస్టల్‌లో ఒకటే ముచ్చట. "నువ్వు ఏ గ్రూపు తీసుకుంటవు?" అని. కొందరు "నా దోస్తు తీసుకున్నదే నేను తీసుకుంట" అంటరు. కొందరు "లెక్కలు లేనిది ఏదైనా సరే" అంటరు. ఇంటికాడ అడుగుదామంటే, అమ్మకు గ్రూపు అంటే పొదుపు సంఘం గ్రూపే తెలుసు. మన ఇండ్లలో పది దాకా వచ్చింది మనమే మొదలు. కాబట్టి ఈ సంగతి మనమే తెలుసుకొని ఇంట్లో చెప్పాలి.

గ్రూపు అంటే ఇంటర్‌లో రెండేళ్లు చదివే సబ్జెక్టుల కట్ట. ముఖ్యమైనవి నాలుగు.

1. ఎంపీసీ: లెక్కలు, భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం. ఇంజనీరింగ్‌కు ఇదే దారి.

2. బైపీసీ: వృక్షశాస్త్రం, జంతుశాస్త్రం, భౌతిక, రసాయన శాస్త్రాలు. డాక్టరు, నర్సింగ్, వ్యవసాయం, పశువైద్యం చదువులకు దారి.

3. సీఈసీ: పౌరశాస్త్రం, అర్థశాస్త్రం, వాణిజ్యశాస్త్రం. బీకాం, బ్యాంకు, లెక్కల ఆఫీసు పనులకు బాగుంటుంది.

4. హెచ్ఈసీ: చరిత్ర, అర్థశాస్త్రం, పౌరశాస్త్రం. బీఏ చదివి టీచరు కావచ్చు, గ్రూప్స్ పరీక్షలు రాయవచ్చు.

ఇందులో ఏదీ తక్కువ కాదు. లాయరు చదువుకు ఏ గ్రూపు అయినా పనికివస్తుంది. కలెక్టరు పరీక్షకు ఏ డిగ్రీ అయినా చాలు. కాని ఒక్క సంగతి గట్టిగ గుర్తు పెట్టుకోవాలి. గ్రూపు కొన్ని దారులు చూపిస్తది, కొన్ని దారులు మూసేస్తది. బైపీసీ చదివితే మైనింగ్ ఇంజనీరు కాలేము. ఎంపీసీ ఒక్కటే చదివితే ఎంబీబీఎస్ చేయలేము. సీఈసీ, హెచ్ఈసీ చదివితే ఆ రెండూ ఉండవు. అందుకని "ఇది తీసుకుంటే ఏమొస్తది?" అని ఒక్కటే అడిగితే సరిపోదు. "ఇది తీసుకుంటే ఏది పోతది?" అని కూడ అడగాలి.

మన రామగిరినే చూడండి. గుట్ట మీద ఖిల్లా ఉన్నది. ఆ గుట్ట మందుమొక్కలకు పేరు పొందింది. వృక్షశాస్త్రం చదివే కాలేజీ విద్యార్థులు వాటిని చూడటానికి వస్తుంటరు. మన ముసలమ్మలకు ఏ ఆకు పసరు దేనికి పనిచేస్తదో తెలుసు. ఆ తెలివిని శాస్త్రంగా పరీక్షించే చదువు బైపీసీతో మొదలైతది. చైనా దేశంలో తూ యూయూ అనే శాస్త్రవేత్త ఫార్మసీ చదివింది. పాత వైద్య గ్రంథాలు వెతికి, ఒక మొక్క నుండి మలేరియా మందు ఆర్టెమిసినిన్‌ను 1970లలో కనిపెట్టింది. దానికి 2015లో నోబెల్ బహుమతి వచ్చింది. మలేరియా జ్వరం సంగతి మన గూడేలకు ఒకరు చెప్పే పని లేదు. డాక్టరు చదువు కూడ ఇప్పుడు దూరం కాదు. రామగుండంలో ప్రభుత్వ మెడికల్ కాలేజీ 2022లో మొదలైంది.

ఇక భూమి కింద బొగ్గు ఉన్నది. సింగరేణి కంపెనీ 1920లో ఏర్పడింది. మన మండలంలోనే అడ్రియాల గనిలో లాంగ్‌వాల్ యంత్రం బొగ్గు కోస్తది. పన్నూరు దగ్గర సెంటినరీ కాలనీలో జేఎన్‌టీయూ ఇంజనీరింగ్ కాలేజీ ఉన్నది, అక్కడ మైనింగ్ కూడ చెప్తరు. ఇంత దగ్గర ఉన్నా "మైనింగ్ మొగపిల్లల చదువు" అనే మాట మనం వింటనే ఉన్నం. ఆ మాట ఊరికే పుట్టలేదు. 1952 గనుల చట్టం ఆడవాళ్లు భూగర్భ గనిలో పని చేయరాదన్నది. 2019లో కేంద్ర ప్రభుత్వం సాంకేతిక, పర్యవేక్షణ, మేనేజరు పనులకు ఆడవాళ్లను గనిలోకి అనుమతించింది. 2025 నవంబరు 21 నుండి అమలులోకి వచ్చిన కార్మిక కోడ్ కూడ, ఒప్పుకుంటే ఆడవాళ్లు అన్ని రకాల పనులు చేయవచ్చని చెప్తున్నది.

జార్ఖండ్ రాష్ట్రం ఆకాంక్ష కుమారి మైనింగ్ ఇంజనీరింగ్ చదివి, 2021లో కోల్ ఇండియా భూగర్భ గనిలో చేరిన మొదటి మహిళా ఇంజనీరు అయింది. మన తెలంగాణ అమ్మాయి రాసకట్ల సంధ్య రాజస్థాన్ జింకు గనులలో పనిచేస్తూ భూగర్భ గని మేనేజరు అర్హత సంపాదించింది. చట్టం అడ్డు తొలగింది. అయినా పదిలో లెక్కలకు భయపడి ఇంటర్‌లో వదిలేసిన అమ్మాయికి ఆ అడ్డు అట్లనే ఉంటది.

అయితే బొగ్గును నమ్ముకొనే గ్రూపు తీసుకోవద్దు. బొగ్గు అయిపోయిన గని మూతబడుతది. 1990ల మొదట్లో సింగరేణిలో లక్ష మందికి పైగా కార్మికులు ఉండేవారు. ఇప్పుడు 40 వేల దగ్గర ఉన్నరు. చేతితో చేసే పనిని యంత్రాలు చేస్తున్నవి. రామగుండం ఎన్టీపీసీ చెరువు మీద 100 మెగావాట్ల సోలార్ పలకలు తేలుతున్నవి, 2022 జూలై నుండి పూర్తిగా నడుస్తున్నది. గని మూతబడ్డా, కరెంటు, యంత్రాలు, నీళ్లు, నేల గురించి నేర్చుకున్న చదువు మూతబడదు.

ఇంటర్ ఒక్కటే దారి కాదు. పది కాంగనే పాలీసెట్ రాసి మూడేళ్ల డిప్లొమా చేయవచ్చు. బెల్లంపల్లి ప్రభుత్వ పాలిటెక్నిక్‌లో మైనింగ్ డిప్లొమా ఉన్నది. తర్వాత ఈసెట్ రాస్తే బీటెక్ రెండో ఏడాదిలో చేరవచ్చు. ఇంట్లో తొందరగ జీతం కావాలి అనుకునే వాళ్లకు ఇది మంచిది.

గ్రూపు రాసే ముందు ఒక కాగితం మీద ఈ నాలుగు ప్రశ్నలకు జవాబు రాయండి.

1. ఏ సబ్జెక్టు అయితే ఎవరూ చెప్పకున్నా నేను పుస్తకం తెరుస్త?

2. ఈ గ్రూపుతో నాకు ఏ దారులు మూసుకుపోతవి? అవి పోయినా నాకు బాధ లేదా?

3. నాకు సీటు వచ్చే హాస్టల్ కాలేజీలో ఆ గ్రూపు ఉన్నదా? లేకుంటే ఎక్కడ ఉన్నది?

4. లెక్కలు నాకు నిజంగ రావా, లేక ఆరో తరగతిలో భిన్నాలు అర్థం కాక అట్లనే వదిలేసిన్నా?

నాలుగో ప్రశ్న చాలా ముఖ్యమైనది. భిన్నాలు, బీజగణితం ఇప్పుడైనా నేర్చుకోవచ్చు. తొమ్మిదిలో ఉన్న మనకు ఇంకా సమయం ఉన్నది. రాత్రి స్టడీ అవర్‌లో అరగంట లెక్కలకు పెట్టుకొని, రానివి లెక్కల టీచరును అడుగుదాం. సిగ్గుపడవద్దు.

వార్డెన్ మేడమ్ గారికి ఒక మనవి. పది ఫలితాలు వచ్చినంక తొందరలో కాకుండ, పరీక్షలకు ముందే ఒక ఆదివారం అమ్మానాన్నలను పిలిచి గ్రూపుల గురించి చెప్పించగలరు. మా భాషలో చెప్పవలసి వస్తే మేము పక్కన నిలబడి చెప్తము.

దోస్తులు రెండేళ్లు తోడు ఉంటరు. గ్రూపు బతుకంతా తోడు ఉంటది. ఆలోచించి రాయండి.

ఇట్లు
మీ తొమ్మిదవ తరగతి విద్యార్థిని