దినదినపు బత్తెము (ప్రశ్నలు – జవాబులు)

ప్రశ్న: ప్రతి సంవత్సరము డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో, రేపటినుండి నాలుగింటికి లేచి బైబిలు ఆసాంతము చదివెదనని తీర్మానించుకొందును. సంక్రాంతి దాటునప్పటికి అది సడలిపోవును. నాది రొయ్యల చెరువులపై పని, రాత్రి కాపలా తప్పదు. తీరిక దొరికినంతసేపు సెల్‌ఫోనుతోనే గడచిపోవుచున్నది. నాకు క్రమశిక్షణ అబ్బు మార్గమేమి?
— ఒక యువకుడు, భీమవరం

జవాబు: మీకు క్రమశిక్షణ లేదనుట నేనంగీకరింపను. చెరువునీటిలోని ప్రాణవాయువు రాత్రి గడచుకొలది క్షీణించి, ప్రొద్దు పొడుచుటకు ముందు మిక్కిలి తగ్గునని యెరిగి, నిద్ర ముంచుకొని వచ్చుచున్నను గట్టుపై నడచి, ఏరేటర్లు తిరుగుచున్నవో లేదో చూచి, చెక్‌ట్రే పైకెత్తి మేత మిగిలినదో లేదో పరీక్షించు మనుష్యుడు సోమరి యెట్లగును? నష్టము కంటికి కనబడుచోట మీరు మేల్కొనియే యున్నారు. ఆత్మవిషయమున నష్టము చప్పుడు లేకుండ జరుగును గనుక అచ్చట కునుకుచున్నారు. కావున మీకు వలసినది క్రొత్త వ్రతము గాదు, ఉన్న అలవాటునకు మరియొకదానిని ముడివేయుట. తెల్లవారుజామున చెరువు చూచివచ్చి కాళ్లు కడుగుకొనిన పిమ్మట, ఫోను ముట్టకమునుపు, పది నిమిషములు కూర్చుండుడు.

ఇక ఆసాంతపఠనము మాట. బైబిలునందు 1189 అధ్యాయములున్నవి. ఏడాదిలో ముగింపవలెనన్నచో దినమునకు మూడింటికి మించి చదువవలసియుండును. ఈ లెక్కతో జనవరి ఒకటిన ఆదికాండము మొదలిడినవారిలో ఎందరి ప్రయాణము లేవీయకాండమున బలుల విధులకడ నిలిచిపోయినదో మన సంఘములలో నెరుగనివారు లేరు. మార్కు సువార్త 16 అధ్యాయములే. దినమునకు సగము అధ్యాయము చాలును. అది ముగిసిన తర్వాత సామెతల గ్రంథము తెరువుడు. దానియందు 31 అధ్యాయములున్నవి గనుక ఏ తేదీకి ఆ అధ్యాయము చదువవచ్చును, గుర్తు పెట్టుకొనవలసిన శ్రమయు లేదు.

ముందు ప్రార్థనయా, పఠనమా యని మీరడుగకపోయినను చెప్పెదను. బ్రిస్టలు నగరమున అనాథబాలలను పోషించిన జార్జి ముల్లర్, లేచినది మొదలు ప్రార్థింప యత్నించి, మనస్సు చాలసేపు ఎచటెచటనో తిరుగాడుట గమనించి, ముందుగా వాక్యమును చదివి ధ్యానించి, ఆ ధ్యానమునుండియే ప్రార్థనలోనికి పోవు పద్ధతి నవలంబించినట్లు 1841లో వ్రాసికొనెను. ఈయన మనకు బొత్తిగా పరాయివాడు కాడు. ఈయన భార్యకు అన్నయగు ఆంథొనీ నారిస్ గ్రోవ్స్ 1836లో వెంటబెట్టుకొని వచ్చిన విలియం బౌడెన్, జార్జి బీర్ దంపతులే మీ పొరుగుననున్న నరసాపురము, పాలకొల్లు ప్రాంతమున గోదావరి డెల్టా మిషనుకు పునాది వేసిరి. ముల్లరంతటివాడే మనస్సు నిలువక వరుస మార్చుకొనగా, రాత్రియంతయు కాపలా కాచిన మీరు మార్చుకొనుటకు సంకోచమెందులకు?

ఒకటి మాత్రము మరువకుడు. తప్పిపోయిన దినముల బాకీ తీర్పవలెనని పూనుకొనకుడు. అరణ్యమున ఇశ్రాయేలీయులకు మన్నా ఏ దినమునకు ఆ దినమే లభించెను; విశ్రాంతిదినము కొరకు ఆరవనాడు కూర్చుకొన్న రెండింతలు తప్ప, మరునాటికి దాచినదెల్ల పురుగుపట్టెను. నిన్నటి వంతు నేటికి నిలువయుండనట్లే నిన్నటి బాకీయు నేటికి రాదని నా తలంపు. నాలుగు దినములు తప్పి, ఐదవనాడు పండ్రెండు అధ్యాయములు చదువబూనినవాడు ఆరవనాడు పుస్తకమే తెరువడు.

ప్రశ్న: మా అబ్బాయి గత సంక్రాంతికి కోడిపందెములలో చాల సొమ్ము పోగొట్టెను. ఈసారి ముందుగనే ఉపవాసముంచి, బైబిలుపై ఒట్టు వేయింపవలెనని యున్నది. మీరేమందురు?
— ఒక తల్లి, ఉండి

జవాబు: వలదమ్మా. ఒట్టు పెట్టుకొనవలదని ప్రభువే కొండమీది ప్రసంగమున చెప్పియుండగా, ఆయన గ్రంథముపైననే ఒట్టు వేయించుట యెట్లు? ఉపవాసము శిక్షగా విధింపదగినది కాదు. ఆకలితో కోపము పెరిగినవాడు పండుగనాటికి గట్టు దాటి బరిలోనే తేలును.

యౌవనేచ్ఛలతో కలియబడి గెలువుమని కాక, వానినుండి పారిపొమ్మని పౌలు తిమోతికి వ్రాసెను. యోసేపును పై వస్త్రము విడిచి పారిపోయినవాడే. మీ జిల్లాలో ఆ మూడు దినములు బరికి పోకుండుట కష్టమే. బంధువులు పిలుతురు, స్నేహితులు వాకిట బండి యాపి హారను మ్రోగింతురు. కనుక పండుగకు ముందే అబ్బాయితో కలిసి కూర్చుండి, ఆ దినములకు వేరొక యూరిప్రయాణమో, పనియో అతనిచేతనే నిశ్చయింపజేయుడు. చేతిలో రొక్కముంచకుండుట కూడ అతని సమ్మతితోనే జరుగవలెను. పందెము చట్టవిరుద్ధమని అతడెరుగును, అది మరల మరల చెప్పి ప్రయోజనము లేదు.

చనువుతో మరియొక మాట. కుటుంబప్రార్థనలో కొందరు తల్లిదండ్రులు కన్నులు మూసికొని, బిడ్డకు చెప్పవలసిన చీవాట్లన్నియు దేవునికి విన్నవింతురు. దేవునికి తెలియనిది లేదు. బిడ్డకు మాత్రము ప్రార్థనవేళ యనగా భయము పట్టుకొనును. కొంతకాలము ఒక కీర్తన పాడి, ఒక్కొక్కరు ఆనాటి మేలునొకటి తలంచుకొని, ముగింపుడు. చీవాట్లు భోజనానంతరము విడిగా పెట్టవచ్చును.

ప్రశ్న: రక్షణ కృపచేతనే గదా, ఇక వేళలు, నియమములు దేనికి?
— ఒక విద్యార్థిని, భీమవరం

జవాబు: కృపను సంపాదించుటకు కాదు. దానియేలు దినమునకు ముమ్మారు మోకాళ్లూనినది దేవుని ప్రసన్నుని చేసికొనుటకు కాదు. ఎప్పటినుండియో ఆ యలవాటున్నది గనుకనే దేవుని ప్రార్థింపరాదను రాజశాసనము వెలువడిన దినమున కూడ అతడు తన గదిలోనికి పోయి యథాప్రకారము ప్రార్థింపగలిగెను. ఆపదనాడు అలవాటు నేర్చుకొనుటకు తీరిక యుండదు. 1938లో బైబిలు మిషను స్థాపించిన ముంగమూరి దేవదాసు అయ్యగారు, అడుగుటకన్న ముందు సన్నిధిలో మౌనముగా కనిపెట్టుటను నేర్పిరి. అట్లు కనిపెట్టుటకును ఒక వేళ యేర్పరచుకొనక తప్పదు గదా. మీకు పరీక్షలు దగ్గరపడినచో పది నిమిషములను ఐదు చేసికొనుడు, వేళను మాత్రము మార్చుకొనకుడు.