హిజ్రాలు - బహిరంగ మరుగుదొడ్డి హక్కు

మన పట్టణాల బస్టాండులలో మరుగుదొడ్ల మీద సాధారణంగా కనిపించే పలకలు రెండే: పురుషులు, స్త్రీలు. హిజ్రాలు ఏ ద్వారమున ప్రవేశించవలెను? జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి నేలపై ఈ ప్రశ్నకు నూరేండ్ల పూర్వరంగమున్నది.

ఈ ప్రాంతమంతయు నిజాం ఏలుబడిలో ఉండగా, ఫసలీ 1329లో, అనగా క్రీ.శ. 1919లో, నపుంసకుల చట్టము వెలువడినది. అది వారి పేర్లకొక రిజిస్టరు పెట్టించినది. రిజిస్టరుకెక్కినవారు స్త్రీ వేషముతో వీధిలో కనిపించిన, వారంటు లేకుండనే పట్టుకొనవచ్చును. వీధిలో నిలుచుటయే నేరమైనవారి మరుగుదొడ్డిని గురించి ఎవరు తలచియుందురు? నిజాం పాలన ముగిసిన 75 ఏండ్లకు, 2023 జూలై 6న, తెలంగాణ హైకోర్టు ఆ చట్టమును రాజ్యాంగవిరుద్ధమని కొట్టివేసినది.

ఇంతకుముందే, 2014 ఏప్రిల్ 15 నాటి నల్సా తీర్పులో సుప్రీంకోర్టు వీరికి ప్రత్యేక మరుగుదొడ్లు కల్పించవలెనని ఆదేశించినది. 2017 నాటి స్వచ్ఛభారత్ మార్గదర్శకములు మరొక దారి చూపినవి: స్త్రీలదో, పురుషులదో, తాము కోరినదానిని వాడుకొననీయవలెను. వాదమంతయు ఈ రెంటి నడుమనే. ప్రత్యేక గది రక్షణయని కొందరు, వెలివేతయని కొందరు. స్త్రీల భయమును త్రోసిపుచ్చరాదు. పురుషుల గదికి పంపబడిన హిజ్రా భయమును మాత్రము త్రోసిపుచ్చవచ్చునా?

చిన్న పట్టణములో ప్రత్యేక గది కట్టువరకు ఆగుమనుట దాహమైనప్పుడు బావి త్రవ్వినట్లే. కోరిన గదిని వాడుకొననిచ్చుట నేడే సాధ్యమని మా అభిప్రాయము. 2020 నాటి కేంద్ర నియమములు ఇట్టి వసతులకు రెండేండ్ల గడువిచ్చినవి. అది 2022లోనే తీరినది. కళాశాలలో క్రొత్త గదులు కట్టునప్పుడు ఒక్కదానికి లోపల గడియ ఉండి, బయట ఏ పలకయు లేకున్న చాలును.