కుబుసాన్ని చేత్తో లాగొద్దు

చంద్రపూర్‌లోని మా ఊర్జానగర్ థర్మల్ కాలనీకి పాములు కొత్త కాదు. ఒకపక్క ఇరయి నది, ఇంకోపక్క తాడోబా దాకా సాగే అడవి. వానలు మొదలైతే, పాముల్ని పట్టి కాపాడే సర్పమిత్రుల ఫోన్లకు విశ్రాంతి ఉండదు. కొత్తగా ఈ పనిలోకి వస్తున్న పిల్లలకూ, ఇళ్లలో విదేశీ పాముల్ని పెంచుతున్నవాళ్లకూ నాలుగు మాటలు చెప్పాలనిపించింది.

1. ముందు చట్టం. నాగుపాము, జెర్రిపోతు, కొండచిలువ లాంటి మన నేల పాముల్ని ఇంట్లో పెంచడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. 2022 సవరణతో నాగుపాము ఎక్కువ రక్షణ ఉన్న మొదటి షెడ్యూల్లోకి చేరింది. పట్టుకున్న పామును ఇంటికి తీసుకెళ్లకండి, అటవీశాఖకు చెప్పండి. మహారాష్ట్రలో 1926కి ఫోన్ చేస్తే చాలు. బాల్ పైథాన్ లాంటి విదేశీ పామునైనా ప్రభుత్వ పరివేశ్ పోర్టల్లో నమోదు చేయించాల్సిందే.

2. కళ్లు చూడండి. పాముకు రెప్పలుండవు, కంటిమీద అద్దంలాంటి పొలుసు ఉంటుంది. కుబుసం విడిచే ముందు పాత పొరకూ కొత్త పొరకూ మధ్య ద్రవం చేరి ఆ కళ్లు పాలనీలంగా మారతాయి, ఒళ్లు వెలిసిపోతుంది. చూపు మందగించి ఉంటుంది కాబట్టి అలికిడికే బెదిరి కాటుకు వస్తుంది. ఆ రోజుల్లో ఎత్తొద్దు, మేత పెట్టొద్దు. తర్వాత కళ్లు తేటపడతాయి. కుబుసం ఊడేది అప్పుడే కాదు, ఇంకొన్ని రోజులకు.

3. కుబుసం సాఫీగా ఊడటానికి మన చంద్రపూర్ ఎండలే అసలు సమస్య. మే నెలలో 46, 47 డిగ్రీలు పడతాయి, గాలిలో తడి అన్నది ఉండదు. ఏసీ గదిలో చల్లగా ఉన్నా పొడితనం పోదు. ఆరోగ్యంగా ఉన్న పాము గరుకు రాయికి మూతి రుద్దుకుంటుంది. పెదవుల దగ్గర విడిపోయిన పొర, మేజోడు తిరగేసి విప్పినట్టు, తోక చివరిదాకా ఒకే ముక్కగా వస్తుంది. ముక్కలు ముక్కలుగా రాలుతోందంటే పాముకు తడి చాలలేదన్నమాట. అప్పుడు పామును కాదు, అది ఉండే పెట్టెను సరిచేయాలి. బాల్ పైథాన్‌కు గాలిలో తేమ 60 శాతం దాకా ఉండాలి. దూరి పడుకోవడానికి తడిపి పిండిన కొబ్బరిపీచు వేసిన డబ్బా ఒకటి పెట్టండి, తాగడానికి నీళ్లు ఎప్పుడూ ఉంచండి. అలాగని పెట్టంతా చిత్తడి చేస్తే పొట్ట పొలుసుల కింద నీటిపొక్కులు లేస్తాయి.

అంటుకుపోయిన పొరను గోటితో గీకకండి, కింద చర్మం పచ్చిగా ఉంటుంది. గోరువెచ్చని నీళ్లు కొద్దిగా పోసిన తొట్టిలో కాసేపు ఉంచి, దగ్గరే కూర్చోండి. తర్వాత తడి తువ్వాల మడతల్లోంచి పాకనిస్తే అదే విడిపించుకుంటుంది. తోక కొస తప్పకుండా చూడండి. అక్కడ మిగిలిన పొర ఉంగరంలా బిగుసుకుని రక్తం ఆడనివ్వదు, కొస నల్లబడి రాలిపోతుంది. కంటి పొర మిగిలితే ముట్టుకోకండి, పశువైద్యుడికే చూపించండి.

4. పాము నీళ్ల గిన్నెలోంచి కదలకపోతే, పొలుసుల సందుల్లో, కళ్ల చుట్టూ నల్లటి చుక్కలు కదులుతుంటే అవి రక్తం పీల్చే పురుగులు. కుబుసం చెడటానికి అవీ కారణమే.

5. నాగపంచమికి బుట్టల్లో తెచ్చే నాగుపాముల్ని చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది. కోరలు పీకిన నోరు పుండై ఉంటుంది. రోజుల తరబడి నీళ్లివ్వరు గనకే దాహానికి పాలు తాగుతాయి. పైగా పడగమీద పసుపు, కుంకుమ. అవి కళ్లలో, పుళ్లలో పడి మండుతాయి. భక్తి ఉన్నవాళ్లు పుట్ట దగ్గరే దండం పెట్టుకోండమ్మా, పాముల బుట్టకు డబ్బులెయ్యకండి.

6. ఇంట్లో కుబుసం కనిపిస్తే పారేయకముందు వెలుతురులో పట్టి చూడండి. పొడవును బట్టి పామెంతో అంచనా కట్టకండి, ఊడేటప్పుడు పొర సాగుతుంది. వెన్ను మధ్యలో ఒక వరుస పొలుసులు పక్కవాటికన్నా పెద్దవిగా, ఆరు మూలలతో ఉంటే అది కట్లపాముది కావచ్చు. అది రాత్రిపూట తిరుగుతుంది, నిద్రలో ఉన్నవాళ్లను కరుస్తుంది, కాటు నొప్పి తెలియకపోవచ్చు. సర్పమిత్రను పిలిచి ఇల్లంతా వెతికించండి. అప్పటిదాకా పిల్లల్ని నేలమీద పడుకోబెట్టకండి, దోమతెర అంచులు పరుపు కిందికి దోపండి.