ఇష్టానికీ ఒక అదను

మీ పాత బండిని చివరిసారి ఎప్పుడు నడిపారు? తుడిచింది కాదు, ఫొటో తీసింది కాదు, మెకానిక్ దగ్గరికి తోసుకెళ్లింది అసలే కాదు. కిక్ కొట్టి, ఊరు దాటి, ఓ పూట సరదాగా తిరిగింది ఎప్పుడు? జవాబు ఠక్కున వస్తే ఈ వ్యాసం మీకు అక్కర్లేదు. ఆలోచించాల్సి వస్తే మాత్రం చదవండి.

అనంతపురం వాళ్లకు యెజ్డీ బైకు పక్క రాష్ట్రం చుట్టం. మైసూరులోని ఐడియల్ జావా కంపెనీ 1960ల్లో జావాలు తయారుచేసింది. 1973 నుంచి వాటికే యెజ్డీ అని పేరు పెట్టింది. 1996లో మూతపడింది. కిక్ రాడ్డే గేర్ రాడ్డు కావడం, పెట్రోల్‌లో ఆయిల్ కలిపి పోసుకోవడం, వెనక జంట సైలెన్సర్లు... ఇవన్నీ తెలిసినవాడికే ఆ బండి లొంగుతుంది. అందుకే దాని మీద అంత మమకారం.

కానీ మమకారం ఉందని బండి ఊరుకోదు. నెలల తరబడి కదలకపోతే పాత పెట్రోల్ జిగురై కార్బ్యురేటర్ జెట్లను మూసేస్తుంది. ఇక్కడి ఎండకు టైర్లు, రబ్బరు గొట్టాలు బీటలు వారతాయి. బండి షెడ్డులో చోటు, జేబులో డబ్బు, వారానికో ఆదివారం అడుగుతుంది. వీటన్నిటికంటే ఖరీదైనది ‘ఎప్పటికైనా బాగుచేయిస్తా’ అన్న ఆలోచన. షెడ్డు వైపు వెళ్లినప్పుడల్లా అదొకటి మనసులో మెదులుతూనే ఉంటుంది.

రైతు ఏం చేస్తాడు?

ఇష్టమైనదాన్ని పక్కన పెట్టడం ఎలాగో ఇక్కడి మెట్టరైతును చూసి నేర్చుకోవచ్చు. ఏడాదికి 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా వాన పడే ఈ సీమలో ఖరీఫ్ అంటే వేరుశనగే. జూన్, జూలైల్లో పదును దొరికితే విత్తుతారు. జూలై దాటినా వాన రాకపోతే, వేరుశనగ మీద ఎంత ఆశ ఉన్నా విత్తనాన్ని మట్టిపాలు చేసుకోరు. ఆగస్టులో నాలుగు చినుకులు పడితే ఉలవో, జొన్నో, అలసందో వేస్తారు. చేను బీడు పడకూడదన్నదే వాళ్ల లెక్క. అంతమాత్రాన వేరుశనగ మీద ప్రేమ పోయినట్టా?

మన ఇష్టాలకూ అదను ఉంటుంది. పాతికేళ్ల వయసులో బెంగళూరు దాకా బండి తోలించిన ఉత్సాహం నలభై ఐదేళ్లకు మరో వైపు మళ్లొచ్చు. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటకు వెళ్లి, తోలు మీద బొమ్మ గీయడం నేర్చుకోవాలనిపించవచ్చు. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. లేదా నాలుగు చెట్లు పెంచాలనిపించవచ్చు. చెన్నేకొత్తపల్లి దగ్గర టింబక్టు కలెక్టివ్ అనే సంస్థ 1990లో మొదలైంది 32 ఎకరాల బంజరులోనే. ఏ కొత్త పనికైనా చోటు, డబ్బు, ఆదివారాలు కావాలి. ఇప్పుడవి ఎవరి చేతిలో ఉన్నాయి? బండి చేతిలో.

అమ్మే ముందు మిమ్మల్ని మీరే ఈ మూడూ అడగండి

ఒకటి: గడిచిన ఏడాదిలో బండి మీద తిరిగిన పూటలు ఎక్కువా, బండి గురించి బాధపడిన పూటలు ఎక్కువా?

రెండు: ఈ బండి మీది కాదనుకోండి. ఇవాళ దానికి పలికే ధర పెట్టి కొంటారా?

మూడు: అది వెళ్లిపోతే ఖాళీ అయ్యే చోట ఏం చేస్తారో ఇప్పుడే చెప్పగలరా?

మూడోదానికి జవాబు లేకపోతే అమ్మకండి. ముందు కొత్త పనిని చిన్నగా మొదలుపెట్టండి. రెండు మూడు నెలల తర్వాత కూడా అది మిమ్మల్ని లాగుతుంటే అప్పుడు అమ్మకం మాట ఎత్తండి. ఊహలో ఉన్న సరదా కోసం చేతిలో ఉన్నదాన్ని వదులుకోవడం తొందరపాటు.

గిటార్లు అమ్మినా పాట ఆగలేదు

పింక్ ఫ్లాయిడ్ గిటారిస్టు డేవిడ్ గిల్మోర్ 2019 జూన్‌లో న్యూయార్క్‌లో 120కి పైగా గిటార్లను వేలం వేశారు. పేరు మోసిన ‘బ్లాక్ స్ట్రాట్’ కూడా అందులో ఉంది. వచ్చిన 2.1 కోట్ల డాలర్లకు పైగా సొమ్మును పర్యావరణం కోసం కోర్టుల్లో పోరాడే క్లయింట్ ఎర్త్ సంస్థకు ఇచ్చేశారు. మరి సంగీతం మానేశారా? 2024లో కొత్త ఆల్బమ్ తెచ్చారు. వాద్యం చేయి మారింది, విద్య ఆయన దగ్గరే ఉంది. మీరు ప్లగ్ రంగు చూసి ఇంజిన్ జబ్బు చెప్పగలిగితే, ఆ నేర్పును ఏ కొనుగోలుదారూ పట్టుకెళ్లలేడు.

అమ్మేటప్పుడు

నాన్న బండైతే తోబుట్టువులతో ముందే మాట్లాడండి. ఆయన కాలం చేసి, ఆర్‌సీ ఇంకా ఆయన పేరు మీదే ఉంటే ఫారం 31తో వారసుల పేరుకు మార్పించుకోండి. అమ్మేటప్పుడు ఫారం 29, 30 ఉండాలి. కొనేవారు బెంగళూరు నుంచో బళ్లారి నుంచో వస్తే ఎన్‌ఓసీ కూడా కావాలి. ‘తర్వాత మార్పించుకుంటాలే’ అంటే నమ్మి తాళాలు ఇవ్వకండి. ప్రమాదం జరిగితే ఆర్‌సీలో పేరున్న వ్యక్తినే యజమానిగా చూడాలని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది.

‘వింటేజ్’ మాట విని ధర ఊహించుకోకండి. 2021 నిబంధనల ప్రకారం ఆ గుర్తింపుకు బండి 50 ఏళ్లు దాటి, అసలు రూపంలోనే ఉండాలి. అలా రిజిస్టర్ చేయిస్తే రోజువారీగా రోడ్డు మీద తిప్పకూడదు. 1980ల యెజ్డీ ఇంకా ఆ లెక్కలోకి రాదు.

వెయ్యో రెండువేలో తగ్గినా నడిపేవాడికే ఇవ్వండి. ఏ భాగం ఎప్పుడు మార్చారో, ఏది మొండికేస్తుందో ఒక కాగితం మీద రాసివ్వండి. డబ్బు చేతికి రాగానే కొత్త పనికి కావలసినవి కొనేయండి. ఇంటి ఖర్చుల్లో కలిసిపోతే బండీ పోయి, దానికి బదులుగా చూపించడానికి ఏమీ మిగలదు. అమ్మిన తర్వాత వచ్చే మొదటి ఆదివారానికి ఏదో ఒక పని ముందే పెట్టుకోండి.

బండి ఎలా ఉందంటూ కొన్నవాడికి ఫోన్ చేయకండి. స్టార్ట్ కావడం లేదని అతనే చేస్తే మాత్రం ఎత్తండి, తెలిసిందంతా విప్పి చెప్పండి.