మెడికల్ ల్యాబ్ టెక్నాలజిస్టు కావాలంటే ఏం తెలియాలి? ఏం చేతకావాలి?

తెలంగాణలో ఫీజు రీయింబర్స్‌మెంట్, స్కాలర్‌షిప్‌తో చదువుకునే విద్యార్థులకు, వారి తల్లిదండ్రులకు

"ఇంటర్ అయ్యాక ల్యాబ్ కోర్సు చేస్తే త్వరగా ఉద్యోగం వస్తుందట" అని విని చాలామంది చేరిపోతారు. ఆ పని ఏమిటో చేరాక గానీ తెలియదు. నచ్చక మధ్యలో మానేస్తే గడిచిన ఏడాది తిరిగి రాదు. అందుకే చేరకముందే ఈ పాఠం చదవండి. ఇంట్లో పెద్దవాళ్లకూ చదివి వినిపించండి.

1. అసలు పని ఏమిటి?

రక్తం, మూత్రం, కళ్లె లాంటివి పరీక్షించి ఫలితం ఇవ్వడం. చాలా జబ్బులకు డాక్టరు మందు రాసేది ఆ రిపోర్టు చూసే. ఇప్పుడు అన్నీ మిషన్లే చేస్తున్నాయి కదా అంటారు. మిషన్ నంబరు మాత్రమే ఇస్తుంది. ఆ నంబరు ఈ పేషెంటుదేనా, దాన్ని నమ్మొచ్చా అన్నది చూసుకోవాల్సింది మనిషే. ఈ ఉద్యోగానికి అసలు విలువ అక్కడే ఉంది.

2. శాంపిల్ దగ్గరే సగం పని

• పేరు: "మీరు లక్ష్మిగారేనా?" అని అడగొద్దు. కంగారులో ఉన్న మనిషి దేనికైనా ఊ అంటుంది. "మీ పేరేంటమ్మా? వయసెంత?" అని అడిగి, ఆమె చెప్పింది చీటీతో పోల్చుకోవాలి. రక్తం తీసిన వెంటనే, పేషెంటు ఎదురుగానే ట్యూబుకు లేబుల్ వేయాలి. తెలంగాణ డయాగ్నోస్టిక్స్‌లో పీహెచ్‌సీ దగ్గర తీసిన శాంపిల్ హబ్‌కు వెళుతుంది. అక్కడ పేషెంటు ఉండరు, లేబుల్ ఒక్కటే ఉంటుంది. బ్లడ్ గ్రూపు శాంపిల్‌కు లేబుల్ మారితే ప్రాణానికే ప్రమాదం.

• ట్యూబు రంగు: సీబీసీకి ఊదా మూత, షుగర్‌కు బూడిద రంగు మూత, రక్తం గడ్డకట్టే పరీక్షలకు లేత నీలం మూత. ఊదా ట్యూబులో పొటాషియం ఉన్న మందు ఉంటుంది. అందులోని రక్తం కొంచెం సీరం ట్యూబులో పడినా పొటాషియం లేనిపోనిది ఎక్కువ చూపిస్తుంది, కాల్షియం తక్కువ చూపిస్తుంది. అందుకే ముందు లేత నీలం, తర్వాత సీరం ట్యూబు, ఆ తర్వాత ఊదా, చివరికి బూడిద. ఈ వరస నోటికి రావాలి.

• చేతి నేర్పు: సన్నని సూదితో గట్టిగా లాగినా, ట్యూబును ఊపేసినా ఎర్రకణాలు పగిలిపోతాయి. అప్పుడు కూడా పొటాషియం పెరిగినట్టు వస్తుంది. ట్యూబును మెల్లగా తలకిందులు చేసి కలపాలి. చేతికి కట్టిన పట్టీ ఒక నిమిషం మించి ఉంచకూడదు.

• టైమ్: మామూలు ట్యూబులో రక్తం అలాగే వదిలేస్తే కణాలు షుగర్‌ను వాడేసుకుంటాయి. గంటకు సుమారు 5 నుంచి 7 శాతం తగ్గిపోతుంది. షుగర్ ఉన్నవాళ్లకు లేనట్టు రిపోర్టు వచ్చే ప్రమాదం ఉంది.

3. చదువులో రావాల్సినవి

• బయోకెమిస్ట్రీ: షుగర్, కిడ్నీ, లివర్ పరీక్షలు.
• హెమటాలజీ: రక్తకణాల లెక్క, హిమోగ్లోబిన్. గర్భిణికి 11 గ్రాముల కంటే తక్కువుంటే రక్తహీనత అంటారు.
• మైక్రోబయాలజీ: కళ్లె స్లైడుకు రంగు వేస్తే టీబీ క్రిములు నీలం మీద ఎర్రటి సన్నని పుల్లల్లా కనిపిస్తాయి. రంగులు పోల్చుకోవడంలో ఇబ్బంది ఉంటే చేరే ముందే కంటి పరీక్ష చేయించుకోండి.
• పారాసైటాలజీ: మలేరియా స్మియర్ లాంటివి. 1897లో రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని కనిపెట్టింది మన సికింద్రాబాద్‌లోనే, మైక్రోస్కోపుతోనే. గంటల తరబడి కూర్చుని చూసే ఓపిక ఇప్పటికీ కావాలి.
• బ్లడ్ బ్యాంక్: గ్రూపింగ్, క్రాస్ మ్యాచింగ్.
• లెక్కలు: 1 వంతు సీరానికి 4 వంతుల సెలైన్ కలిపితే 5 రెట్లు పలుచన అవుతుంది. మిషన్ 180 చూపిస్తే అసలు ఫలితం 900. ఈ గుణకారం మరిచిపోతే రిపోర్టు తలకిందులే.

4. నిజాయితీ కూడా ఒక నైపుణ్యమే

రోజూ పేషెంట్ల శాంపిళ్ల కంటే ముందు, విలువ తెలిసిన కంట్రోల్ శాంపిల్ పెట్టి మిషన్‌ను సరిచూస్తారు. కంట్రోల్ హద్దు దాటితే కారణం దొరికేదాకా ఆ పరీక్ష రిపోర్టులు ఇవ్వకూడదు. బయట ఎంతమంది క్యూలో ఉన్నా సరే. పొటాషియం 6.5 అనో, ప్లేట్‌లెట్లు 10 వేలనో వస్తే ప్రింట్ తీసి పక్కన పెట్టడం కాదు, వెంటనే డాక్టరుకు ఫోన్ చేయాలి. శాంపిల్ పాడైతే "మళ్లీ ఇవ్వాలండీ" అని చెప్పే ధైర్యం ఉండాలి. అంకెలు ఊహించి రాయడం ఎప్పుడూ తప్పే. ఎవరి రిపోర్టయినా బయటివాళ్లకు చెప్పకూడదు.

5. మీ రక్షణ

హెపటైటిస్-బి టీకా మూడు డోసులు (0, 1, 6 నెలలు) వేయించుకోండి. వాడిన సూదికి మళ్లీ మూత పెట్టొద్దు, తెల్ల డబ్బాలో వేయాలి. రక్తం అంటిన దూది పసుపు సంచిలోకి, గ్లోవ్స్ ఎరుపు సంచిలోకి, గాజు నీలం డబ్బాలోకి వెళ్లాలి. సూది గుచ్చుకుంటే సబ్బు నీళ్లతో కడిగి వెంటనే పై అధికారికి చెప్పండి. హెచ్‌ఐవీ రాకుండా ఇచ్చే మందులు 2 గంటల్లో మొదలుపెడితే మంచిది, 72 గంటలు దాటనివ్వొద్దు.

6. చదువు దారులు

• పదో తరగతి తర్వాత: ఇంటర్ ఒకేషనల్ ఎంఎల్‌టీ, 2 ఏళ్లు.
• ఇంటర్ తర్వాత: డీఎంఎల్‌టీ, 2 ఏళ్లు, పారామెడికల్ బోర్డు ద్వారా. బైపీసీ వాళ్లకు ప్రాధాన్యం.
• బైపీసీ తర్వాత: బీఎస్సీ ఎంఎల్‌టీ. వరంగల్‌లోని కాళోజీ నారాయణరావు ఆరోగ్య విశ్వవిద్యాలయం పరిధిలో.

మామూలుగా డిప్లొమా చేసినవారిని టెక్నీషియన్ అని, డిగ్రీ చేసినవారిని టెక్నాలజిస్టు అని అంటారు. 2024 సెప్టెంబరులో రాష్ట్రంలో 1,284 ల్యాబ్ టెక్నీషియన్ గ్రేడ్-2 పోస్టులకు నోటిఫికేషన్ వచ్చింది. ఇలాంటి పోస్టులకు పారామెడికల్ బోర్డు రిజిస్ట్రేషన్ అడుగుతారు.

7. డబ్బు కట్టే ముందు ఇవి చూసుకోండి

☐ కాలేజీకి బోర్డు లేదా యూనివర్సిటీ గుర్తింపు ఈ ఏడాదికి ఉందా?
☐ కాలేజీ, కోర్సు రెండూ ఈపాస్‌లో కనిపిస్తున్నాయా?
☐ ప్రాక్టికల్స్ ఏ ఆస్పత్రిలో? రోజుకు ఎన్ని శాంపిళ్లు వస్తాయి?
☐ దూరవిద్య కోర్సుకు స్కాలర్‌షిప్ రాదు. ఒక స్థాయి కోర్సు పూర్తిచేసి మళ్లీ అదే స్థాయిలో ఇంకోటి చేసినా రాదు.
☐ హాజరు 75 శాతం తగ్గకుండా చూసుకోండి.

"ఆరు నెలల్లో సర్టిఫికెట్, ఉద్యోగం గ్యారంటీ" అనే మాట నమ్మొద్దు. బోర్డు రిజిస్ట్రేషన్ రాని సర్టిఫికెట్ ప్రభుత్వ ఉద్యోగానికి పనికిరాదు.

8. మీకు మీరే పరీక్ష

ప్ర: పొటాషియం 7 వచ్చింది, పేషెంటు మామూలుగా ఉన్నారు. ముందు ఏం చూస్తారు?
జ: శాంపిల్‌లో కణాలు పగిలాయా, ఊదా ట్యూబు రక్తం కలిసిందా అని. కానీ డాక్టరుకు చెప్పడం ఆపకూడదు. అనుమానం ఉంటే మళ్లీ శాంపిల్ అడగాలి.

ప్ర: లేబుల్ లేని ట్యూబు వచ్చింది. "అది మా నాన్నదే" అంటున్నారు. ఏం చేస్తారు?
జ: తీసుకోకూడదు. మళ్లీ రక్తం తీయాలి.

ఈ రెండు జవాబులూ మీకు న్యాయంగా అనిపిస్తే ఈ పని మీకు సరిపోతుంది. దగ్గర్లోని పీహెచ్‌సీ ల్యాబ్‌కు వెళ్లి, అనుమతి అడిగి ఒక పూట పని చూడండి. ఆ తర్వాతే అప్లికేషన్ పెట్టండి.