నడుంనొప్పికి మత్తు సూదే కారణమా?

ప్రశ్న: మూడేళ్ల క్రితం సిజేరియన్‌కు వెన్నులో మత్తు సూది వేశారు. అప్పట్నుంచీ నడుంనొప్పే. ఆ సూది వల్లేనా?

జవాబు: నింద ఎప్పుడూ సూది మీదకే వెళ్తుంది గానీ, ఆధారాలు అలా చెప్పడం లేదు. గుచ్చిన చోట కొద్ది రోజులు సలుపు ఉండటం నిజమే. ఏళ్ల తరబడి సాగే నొప్పికి మాత్రం అది కారణమని పరిశోధనల్లో తేలలేదు. వెన్నులో సూది పడకుండా కాన్పయినవాళ్లలోనూ నడుంనొప్పి మామూలే. గర్భంతో సాగిన కీళ్ల బంధనాలు, వదులైన పొట్ట కండరాలు, వంగి కూర్చుని పాలివ్వడం... వెతకాల్సింది ఇక్కడ. ‘మరి నొప్పి సరిగ్గా సూది పడ్డ చోటే ఉందే’ అంటారా? ఒంటి బరువు మోసేది నడుము కింది భాగమే, నొప్పి ఎక్కువగా వచ్చేదీ అక్కడే. వెన్నుపాము అంతకు పైనే ముగుస్తుంది కాబట్టి సూదీ అక్కడే వేస్తారు.

ఈ మత్తుతో అసలు ఇబ్బందులు వేరు: ఆపరేషన్ బల్ల మీదే బీపీ పడిపోవడం, తర్వాత కూర్చుంటే పెరిగి పడుకుంటే తగ్గే తలనొప్పి. 1898లో ఈ పద్ధతికి నాంది పలికిన జర్మన్ సర్జన్ ఆగస్ట్ బీర్‌నే ఆ తలనొప్పి వదల్లేదు! వెన్నునీరు కారడం దానికి మూలం. పెన్సిల్ మొనలాంటి సన్నని సూదులొచ్చాక బాగా తగ్గింది. మీ నొప్పికి తోడు కాళ్లలో బలం తగ్గినా, మూత్రం అదుపు తప్పినా, జ్వరం వచ్చినా ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించుకోండి.