ఆచార్యునకును ఆచార్యుడు

నంద్యాలనుండి ఆళ్లగడ్డ మీదుగా అహోబిలమునకు వచ్చు యాత్రికులు దిగువ సన్నిధిని ప్రహ్లాదవరదుని సేవించి, ఎగువకు పోయి, కొండలలో ‘ప్రహ్లాదుని బడి’ యను గుహను దర్శింతురు. అచ్చటి రాతిపైనున్న గీతలు ఆ బాలుడు దిద్దిన అక్షరములని తల్లులు బిడ్డలకు చూపుదురు. బడి యన్నంతనే శిష్యుడు స్మృతికి వచ్చును. ఆ బడిలో పాఠము చెప్పిన యిరువురను తలచువారు అరుదు. తలచినను పరిహాసముగనే తలతురు.

చండామార్కులు చదువు లేనివారు కారు. శుక్రాచార్యుని కుమారులు, నీతిశాస్త్రము నెరిగినవారు. శ్రీమద్భాగవత సప్తమస్కంధమున వారి కథను నిదానముగా చదివినచో వారి దైన్యము తెలియగలదు. హిరణ్యకశిపుడు కుమారుని చదువు పరీక్షింపగా బాలుడు హరిభక్తిని వచించెను. తండ్రి కోపము గురువులపై పడెను. ఆ బుద్ధిని తాము నేర్పలేదనియు, పరులును నేర్పలేదనియు, అది వానికి పుట్టుకతో వచ్చినదనియు వారు విన్నవించుకొనిరి. నారదుడు గర్భస్థశిశువునకు చేసిన యుపదేశము వారికి తెలియదు. శిష్యుని మనస్సులో నేమున్నదో యెరుగని గురువులు, రాజునకు వెరచి, తప్పు తమది కాదని తప్పించుకొనిరి. బాలునికి మాత్రము శూలపు పోటులు, ఏనుగులు, పాములు ప్రాప్తించినవి.

ఆ యుపాయములన్నియు విఫలమై రాజు చింతాక్రాంతుడై యుండగా వారు పలికిన మాట యొకటి మిక్కిలి గమనింపదగినది. శుక్రాచార్యులు వచ్చువరకు బాలుని వరుణపాశములతో బంధించి యుంచవలెననియు, వయస్సుచేతను పెద్దల సేవచేతను బుద్ధి చక్కబడుననియు వారు చెప్పిరి. అనగా వారును తమ పెద్ద రాకకై ఎదురుచూచుచుండిరి! ఆ బడిలో ఉపాధ్యాయులు ఇరువురు కలరు గాని, చిక్కు వచ్చినప్పుడు అడుగదగిన వృద్ధుడు చెంత లేడు. పని చేయి దాటిన పిమ్మట ఆయన జ్ఞాపకమునకు వచ్చెను. (శుక్రుడు వచ్చినను హరిభక్తిని మెచ్చియుండెడివాడని చెప్పజాలము, బలిచక్రవర్తిని దానమునుండి వారింపజూచినవాడు ఆయనయే గదా.)

ఇట్టి చిక్కే శ్రీరంగమునను ఒకమారు సంభవించినది. ఫలము వేరు. యామునాచార్యుల శిష్యులైన అయిదుగురు పెద్దలు భగవద్రామానుజులకు సంప్రదాయార్థములను బోధించిరి. అందు మాలాధరులు తిరువాయ్మొళికి అర్థము చెప్పుచుండగా, రామానుజులు కొన్నిచోట్ల వేరొక అర్థమును విన్నవించుచుండిరి. యామునుల వలన తాము విననిదానిని శిష్యుడు చెప్పుట మాలాధరులకు రుచింపలేదు. అది విశ్వామిత్రసృష్టి వంటిదని పాఠము నిలిపివేసిరి. ఆ వార్త విని గోష్ఠీపూర్ణులు శ్రీరంగమునకు వచ్చిరి. శిష్యుని మందలించుటకు గాదు, సహాధ్యాయుని నిలువబెట్టుటకు. ఆ యర్థము యామునుల ముఖమున తాము విన్నదేయని చెప్పి, సాందీపని శ్రీకృష్ణునకు చెప్పినట్లు మీరు వీరికి చెప్పుచున్నారని మాలాధరుల మనస్సును తేర్చిరి. పాఠము మరల సాగినది.

గోష్ఠీపూర్ణులు రానిచో ఏమగునో యోచింపుడు. మాలాధరులు విద్యలో తక్కువవారు కారు. శిష్యుడు తనను మించినప్పుడు కలుగు నొప్పిని ఎవ్వరితో చెప్పుకొనవలెను? శిష్యునితో చెప్పుకొనరాదు. ఆ దారిని నడచిన మరియొక ఆచార్యుడే దానిని వినగలడు.

ఈ మర్యాద అహోబిలమునందే మఠరూపమున నిలిచినది. ఆదివణ్ శఠకోపయతి పూర్వాశ్రమమున శ్రీనివాసాచార్యులు. వీరు కంచిలో ఘటికాశతం అమ్మాళ్ సన్నిధిని చదివి, పిదప 1398 ప్రాంతమున అహోబిలమున సాక్షాత్ నృసింహునివలన సన్న్యాసము పొందిరని మఠసంప్రదాయము. స్వామియే ఆచార్యుడైనవానికిని ముందు మానవగురువు శుశ్రూష తప్పలేదు. అళగియశింగర్ అను పేర యతీంద్రుల పరంపర నేటికి నలుబదియారవ వారివరకు వచ్చినది. పెద్దవారి చేత సన్న్యసించి, వారి చెంత కొంతకాలము మెలగి, పిదప పీఠమెక్కిన చిన్నవారు ఈ పరంపరలో కలరు. మనుచరిత్రకర్త పెద్దన తన గురువని స్మరించినది శఠకోపయతినే. కవికి గురువైనవాడును ఒక గురుపంక్తిలో నిలిచినవాడే.

నల్లమల చేరువనున్న పల్లెబడికి క్రొత్తగా నియమింపబడిన ఉపాధ్యాయుని స్థితి యెట్టిది? పిల్లవాడు చదువ నొల్లడు, తండ్రి నిందించును, పైయధికారి లెక్కలడుగును. తెలియదని చెప్పినచో చేతకానివాడందురని యతడు మౌనము వహించును. 1964–66 నాటి కొఠారీ సంఘము బడులను గుంపులుగా చేర్చి, ఉపాధ్యాయులు ఒండొరులకు తోడ్పడవలెనని సూచించినది. 2020 నాటి జాతీయ విద్యావిధానము కళాశాలల విషయమున, స్వభాషలలో బోధింపగలవారితో సహా విశ్రాంతులైన అనుభవజ్ఞులు చిన్నవారికి తోడుండవలెనని చెప్పినది. అట్టి సమావేశములలో కాగితములు నింపుటతోనే ప్రొద్దు గడచినచో సందేహము అడుగుటకు వ్యవధి యెక్కడిది? నంద్యాలలోను ఆళ్లగడ్డలోను కొలువు విరమించిన ఉపాధ్యాయులు ఏటేట అహోబిలపు మెట్లెక్కుచునే యున్నారు. దిగిపోవునప్పుడు దారిలోని బడికడ ఒక గడియ ఆగి, లోపల పాఠము చెప్పుచున్న చిన్నవానిని పలుకరించుటకు ఎవ్వరి యుత్తరువు కావలెను?